లిస్టులో లేని పేరు

తడిసిన సున్నం వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు ఇప్పటికీ కలం సాగదు. మొన్న కాజీపేటలో బాలికల కబడ్డీ పోటీలు రాయడానికి వెళ్లాను. తెల్లవారుజామున వాన కురిసి గ్రౌండంతా చిత్తడిగా ఉంది. ఆటల మాస్టారొకాయన డబ్బా చేత్తో పట్టుకొని, నడుము వంచి, చెరిగిపోయిన కోర్టు గీతల మీద మళ్లీ సున్నం పోస్తున్నాడు. తడి మట్టి మీద పడిన సున్నం ఘాటుగా పైకి లేచింది. నోట్‌బుక్ తెరిచాను గానీ తేదీ తప్ప ఇంకేమీ రాయలేకపోయాను. ఈ పనిలో ఇన్నేళ్లు గడిచాయి, ఇంకా ఇదేం జబ్బే తల్లీ అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ వాసన యాకయ్య సార్‌ది. ఆయన ప్యాంటు మోకాళ్ల మీద, గోళ్ల సందుల్లో, ఆఖరికి నాకు ఇచ్చే కాగితాల మీద కూడా సున్నం ఉండేది. మీరెవరూ ఆయన్ను చూసి ఉండరు. పేరు కూడా విని ఉండరు. నా చేతికి కలం ఇచ్చిన మనిషి ఆయన. ఆ కలంతో నేను మొట్టమొదట చేసిన పని ఆయన ఉద్యోగం ఊడగొట్టడం.

మాది డోర్నకల్. నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. రోజూ పొద్దున ప్యాసింజర్ ఎక్కి వరంగల్ కాలేజీకి వచ్చి, సాయంత్రం మళ్లీ బండి పట్టుకొని పోయేదాన్ని. బండి ఆలస్యమైతే మొదటి పీరియడ్ పోయేది, సాయంత్రం బండి తప్పితే ఇంట్లో తిట్లు పడేవి. డిగ్రీ మొదటి ఏడాది ఆటల పీరియడ్‌కు వరుసగా మూడు వారాలు ఎగ్గొట్టాను. నాకు పరుగెత్తడం రాదు, దుమ్ము పడదు. యాకయ్య సార్ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్, అదీ కాంట్రాక్టు మీద. అందరూ పీడీ సార్ అనేవాళ్లు. ఆయన పిలిపించి కారణం రాసివ్వమంటే, రెండు పేజీల లెటర్ రాశాను. మహబూబాబాద్ దగ్గర బండి ఎలా ఆగిందో, గూడ్స్‌కు దారి ఇవ్వడానికి మమ్మల్ని ఎలా పక్కన పెట్టారో, కిటికీ పక్కన ముసలమ్మ రైల్వేవాళ్లను ఏమని శాపనార్థాలు పెట్టిందో, అన్నీ రాశాను. సగం నిజం, సగం కల్పన. ఆయన నిలబడే చదివారు. చదువుతూ చదువుతూ బెంచీ మీద కూర్చున్నారు.

"ఏం పేరు బిడ్డా?"

"మెర్సీ సార్."

"లీవ్ లెటర్ల ఇంత కత రాసినవ్. మ్యాచ్ ఎందుకు రాయరాదు? ఆట నీకెట్లాగో రాదు. జర దాని గురించి రాయి."

అప్పటిదాకా మా కాలేజీ ఆటల వార్తలు ఆయనే రాసి వాట్సాప్‌లో విలేకరులకు పంపేవారు. ఆయన తెలుగు చూసి వాళ్లు నవ్వుకునేవాళ్లని ఆయనకూ తెలుసు. ఆ పని నా నెత్తిన పెట్టారు. మర్నాడు మా కాలేజీ అబ్బాయిల ఖోఖో మ్యాచ్. నేను జిల్లా పేజీలు నాలుగు రోజులవి ముందేసుకొని, వాటిలో ఎలా ఉందో అలాగే దించాను. ముఖ్య అతిథిగా ఎవరు విచ్చేశారు, జ్యోతి ఎవరు వెలిగించారు, క్రీడలు మానసికోల్లాసానికి ఎంత అవసరమో ఎవరు సెలవిచ్చారు, శాలువాలు ఎవరికి కప్పారు. కాగితం నిండిపోయింది. చివర్లో రెండు లైన్లు మిగిలితే మన జట్టు గెలిచిందని రాశాను. ఎంత గర్వంగా చేతికిచ్చానో! సార్ చదివి, కళ్లజోడు తీసి, ఆ అతిథుల పేర్ల మీద సున్నపు వేలు పెట్టారు.

"వీళ్లల్ల ఎవరన్న ఉరికిండ్రా?"

"లేదు సార్."

"పడ్డరా? మోకాళ్లు చెక్కుకపోయినయా?"

"లేదు సార్."

"మరి ఆడినోళ్లేడ? ఓడినోళ్ల పేర్లేడ? గా పోరగాండ్లు వాళ్ల నాయిన్లకు ఏం సూపిచ్చుకోవాలె, ఎమ్మెల్యే శాలువనా?"

మొహం మాడ్చుకొని మళ్లీ రాశాను. ఆడినవాళ్ల పేర్లు పైన, ఓడిన జట్టు వాళ్లవీ కలిపి. అతిథులు కింద ఒక్క వాక్యంలో. పేపరు వాళ్లు మళ్లీ అతిథుల్నే పైకి తెచ్చి వేశారనుకోండి, అది వేరే సంగతి. సార్ మాత్రం ఆ పేజీ కత్తిరించి స్టోర్ రూము తలుపు లోపలివైపు అంటించారు. అక్కడ వాలీబాల్ నెట్లు, గాలి పోయిన బంతులు, సున్నం బస్తాల మధ్య మొదటి సంవత్సరంలో పన్నెండు, రెండో సంవత్సరంలో ఇంకొన్ని నా వార్తలు చేరాయి. ఎక్కడా నా పేరు ఉండేది కాదు. నాకేం బాధ లేదు. ఎవరూ లేనప్పుడు లోపలికెళ్లి, తలుపు మూసి చూసుకొని వచ్చేదాన్ని.

ఇంకొకటి నేర్పారు. ఇదే నా కొంప ముంచింది కాబట్టి వివరంగా చెప్తాను. సార్ జట్టు లిస్టులు గుర్తున్నంత వరకు గబగబా రాసేవారు. ఇంటిపేర్లు తారుమారయ్యేవి. ఒకసారి కెప్టెన్ పేరే మర్చిపోయారు. ఆ లిస్టు చూసి నేను దించితే, మర్నాడు ఒకబ్బాయి కళ్ల నీళ్లతో వచ్చాడు. నా పేరు బదులు మా అన్న పేరు వేశారక్కా అని. ఆరోజు సార్ నా మీద అరవలేదు, తన మీద తనే అరుచుకున్నారు. "లిస్టు సూసి రాయకే మెర్సీ! లిస్టు రాసేది నేను, నాకే నమ్మకం లేదు. మనిషి దగ్గరికి పో. నోటితోని అడుగు. వాడు చెప్పిందే పేరు." అప్పటినుంచి ప్రతి ఆట తర్వాతా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి పేరు అడిగేదాన్ని. లిస్టులో వేరే ఉంటే కొట్టేసి, వాళ్లు చెప్పింది రాసేదాన్ని. సార్ ఎంత మెచ్చుకునేవారో.

మూడో సంవత్సరం చలికాలంలో మా గ్రౌండులోనే అంతర్ కళాశాలల మహిళా కబడ్డీ పోటీలు జరిగాయి. రెండు రోజులు. మొదటి రోజు సెమీఫైనల్లో మా జట్టు ఓడిపోతుందనే అనుకున్నాం. అంతలో సన్నగా, నల్లగా, జడను రెండు చుట్లు చుట్టి ముడేసుకున్న ఒకమ్మాయి కూతకు వెళ్లింది. అంతకుముందు ప్రాక్టీసులో ఆమెను నేనెప్పుడూ చూడలేదు. రోజూ బండికి పరుగెత్తే నాకు అందరూ తెలియరు కాబట్టి వింతగా అనిపించలేదు. కూత వినిపించీ వినిపించనట్టు ఉంది. అవతలివాళ్లు ఆమెను మూలకు తోశారు. నలుగురు మీద పడ్డారు. ఆ కుప్పలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి మధ్యగీతను తాకింది. ఆ వేళ్లకు సున్నం అంటింది. గ్రౌండంతా లేచి అరిచింది. అట్లాంటి కూతలు ఇంకో రెండు వేసింది. గెలిచాం.

ఆ ఆఖరి నిమిషంలోనే మా కెప్టెన్ కనుబొమ్మ చిట్లింది. సార్ ఆ అమ్మాయిని ఆటోలో దవాఖానకు తీసుకుపోతూ, తన ఫోన్ నా చేతిలో పెట్టారు. "ఇయ్యాల నువ్వే రాసి పంపు. నేను సూసేదేం లేదు. నీ మీద నాకు బరోసుంది." అప్పటిదాకా నా వార్త ఒక్కటి కూడా ఆయన కళ్లు పడకుండా పోలేదు. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. జట్టు లిస్టు తీశాను. కూతలు వేసిన అమ్మాయి నంబరుకు ఎదురుగా మౌనిక అని ఉంది. ఆమె గోడకు ఆనుకొని కూర్చొని ఉంటే మంచినీళ్ల సీసా ఇచ్చాను. పెన్ను చేతిలో లేదు, నోట్‌బుక్ సంచిలో ఉంది.

"మస్తు ఆడినవ్. నీ పేరేంది చెల్లె?"

ఆమె నీళ్లు తాగి, మూతి తుడుచుకొని నవ్వింది. "లలిత అక్కా. బానోతు లలిత. మాది నర్సంపేట అవతల తండా."

మళ్లీ సార్ లిస్టులో తప్పు పడిందన్నమాట, అనుకున్నాను. మౌనిక కొట్టేసి లలిత రాశాను. తండా పేరుతో సహా. ఫోటో పెట్టి పంపాను. ఫోన్ జట్టు పిల్లల చేతికిచ్చి, సార్‌కు ఒక పొరపాటు తప్పించానని సంబరపడుతూ బండి ఎక్కాను.

ఆరోజు నాకు తెలియంది ఇప్పుడే చెప్పేస్తాను, దాచి ఏం లాభం. లలిత అంతకుముందు ఏడాది మా కాలేజీలోనే చదివింది. జట్టులో ఒక్క మ్యాచ్ ఆడకముందే, తల్లికి జబ్బు చేస్తే మిర్చి ఏరడానికి ఇంటికి పోయింది. హాజరు లేక రిజిస్టర్లో పేరు కొట్టేశారు. అసలు మౌనిక కామెర్లతో ఇంట్లో పడుకొని ఉంది. ఆ పేరు మీద సార్ లలితను దింపారు. ఫైనల్ చూడ్డానికి హైదరాబాద్ నుంచి ఒక అకాడమీ కోచ్ వస్తానన్నాడు. లలిత గురించి సార్ ఆయనకు ముందే చెప్పి ఉంచారు. ఆట నచ్చితే హాస్టల్లో పెట్టుకొని శిక్షణ ఇస్తారు, డిగ్రీ ఉందా లేదా అని అడగరు. ఆ పిల్లకు కోర్టు మీద నిలబడే దారి మా జట్టు ఒక్కటే. జట్టు పిల్లలందరికీ ఈ సంగతి తెలుసు. నాకొక్కదానికే తెలియదు. పేపరుకు రాసేదానివి, నీకెందుకు చెప్తామే అని తర్వాత ఒకమ్మాయి మొహం మీదే అంది.

పక్కా మోసమే అది. ఆయన చేసింది ఒప్పని నేను ఈరోజుకీ అనను. ఆ లిస్టులో ఒక అబద్ధం రాసి, నిజం అడిగి రాయమని నాకు నేర్పినవాడూ ఆయనే. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా ఇమిడాయో నాకు అంతుపట్టదు.

మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి గ్రౌండులో ఆట లేదు. షామియానా కింద బల్ల చుట్టూ మనుషులు. ఎదుటి కాలేజీ పీడీ చేతిలో పేపరు. ఫోటో, దాని కింద బానోతు లలిత, తండా పేరు. యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన కాలేజీ రిజిస్టర్ తెప్పించుకొని వేలితో వెతుకుతున్నాడు. మా జట్టు పిల్లలు బూట్లు వేసుకొని తయారుగా నిలబడి ఉన్నారు. వాళ్ల వెనకాల లలిత. దూరంగా కుర్చీలో తెల్ల టోపీ పెట్టుకొన్న కొత్త మనిషి ఒకాయన కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. ఆయనే ఆ కోచ్.

"వార్త రాసింది ఎవరు?" అన్నాడు పెద్దమనిషి. నన్ను ముందుకు పిలిచారు. ఆయన గొంతు మెత్తగానే ఉంది. "అమ్మా, పేపర్లో పేర్లు తప్పు పడటం మామూలే. నువ్వు గాని పొరపాటున వేరే పేరు రాశావా? ఆలోచించి చెప్పు. పొరపాటైతే రాసి సంతకం పెట్టు, మ్యాచ్ మొదలుపెడదాం."

ఆయనకూ గొడవ ఇష్టం లేదు. దారి చూపించాడు. జట్టు పిల్లలందరూ నన్నే చూస్తున్నారు. లలిత మాత్రం నేలను చూస్తోంది. ఒక్కమాట అంటే చాలు. తప్పు రాశాను సార్. అదేమంత బరువైన మాట? అనడానికే నోరు తెరిచాను. దేవుడి మీద ఒట్టు, అనేదాన్నే. యాకయ్య సార్ బల్లకు అడ్డం వచ్చి నిలబడ్డారు.

"ఆ పిల్లనడగకుండ్రి. ఆమె రాసింది కరెక్టే. లిస్టే తప్పు. రాసింది నేను."

అంతే. కాగితం తీసుకొని నిలబడే రాసిచ్చారు. మా జట్టును పోటీల్లోంచి తీసేశారు. సార్ ఆ కోచ్ దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకున్నారు. "రెండు కూతలు సూడుండ్రి సార్, ఊకెనే, మ్యాచ్ కాకపాయె. రెండంటే రెండు." ఆయన మర్యాదగానే చేతులు విడిపించుకొని, ఇందులో నన్ను ఇరికించకండి అన్నాడు. మధ్యాహ్నం బండికి వెళ్లిపోయాడు. కనుబొమ్మకు కుట్లతో ఉన్న కెప్టెన్ నా దగ్గరికొచ్చి, "మా నోట్ల మన్ను గొట్టినవ్ గదనే" అంది. నేను ఏడ్చానని చెప్పుకోవడం సిగ్గుచేటు, ఆరోజు ఏడ్చే హక్కు నాది కాదు. అయినా ఏడ్చాను. లలిత అప్పటికే బస్టాండుకు పోయింది. ఆమెను ఎవరూ ఆపలేదు.

మరుసటి ఏడాదికి సార్ కాంట్రాక్టు పొడిగించలేదు. నేను డిగ్రీ అయిపోయి పీజీలో జర్నలిజం చేరాను. కొన్నేళ్ల తర్వాత డోర్నకల్ స్టేషన్ బయట లలిత కనిపించింది. మిర్చి ఏరడానికి పోయే ఆడవాళ్ల గుంపులో, ట్రాలీ ఆటో కోసం నిలబడి ఉంది. తలకు తువ్వాల చుట్టుకుంది. చేతులకు పాత సాక్సులు తొడుక్కుంది, మిర్చి మంట తగలకుండా. నన్ను గుర్తుపట్టింది. నేను ఏవేవో సర్దిచెప్పబోయాను. నాకు తెలియదన్నాను, లిస్టులో తప్పనుకున్నానన్నాను, క్షమించమన్నాను. ఆమె అంతా విని ఒకటే అడిగింది.

"నువ్ పేరడిగినవ్, చెప్పిన. పేపర్ల ఏస్తనని చెప్పినవా అక్కా?"

"చెప్పలేదు."

"ఆటకాడ నన్నెవ్వరు పేరడగలె. నీళ్లిచ్చి అడిగినవని ముచ్చటపడి చెప్పిన." ఆటో వచ్చింది. మిగతా ఆడవాళ్లు ఎక్కి, ఆమెకు చెయ్యి అందించారు. వెనక్కి చూడలేదు. చూడాల్సిన అవసరం ఆమెకేముంది?

ఆ మాట మోయలేక యాకయ్య సార్‌ను వెతుక్కుంటూ నర్సంపేట దగ్గర వాళ్ల ఊరికి పోయాను. పత్తి చేను చేసుకుంటున్నారు. సాయంత్రాలు ఊరి బడి గ్రౌండులో పిల్లల్ని ఆడించేవారట. మనిషి చిక్కిపోయారు, గోళ్లలో సున్నం మాత్రం అలాగే ఉంది. లలిత అన్నది చెప్పాను. గోళ్లలో సున్నం గీక్కుంటూ విన్నారు.

"పేరు అడుగుమన్న గని, అడిగినంక ఏం జెయ్యాల్నో నీకు చెప్పకపోతిని," అన్నారు చివరికి. "గది నా తప్పే బిడ్డా. నీది కాదు."

"ఆరోజు నన్ను అననిస్తే అయిపోయేది కదా సార్. తప్పు రాశానని ఒక్కమాట. లలిత ఆడేది. మీ ఉద్యోగం ఉండేది. ఎందుకు అడ్డమొచ్చారు?"

"అంటివనుకో. ఇగ ఎన్నడన్న కలం పట్టుదువా నువ్వు? ఆ పిల్ల ఆట నేనే ఆగం జేస్తి, దొంగపేరు మీద దింపి. నీ రాత గూడ ఆగం జేస్తే ఇగ నేనెందుకు?" అని, లేచి వెళ్లి చాయ్ పెట్టమని లోపలికి కేకేశారు.

ఆయన నన్ను కాపాడి లలితను వదిలేశారా? ఇద్దరిలో ఒకరినే ఆదుకోగలిగే క్షణంలో నన్ను ఎంచుకున్నారా? లేక ఆ రిజిస్టర్ తెరుచుకున్నాక ఎలాగూ దొరికిపోయేవాళ్లమేనా? లలిత మిర్చి ఏరుతోంది, నేను రాసుకుంటున్నాను. మిగిలింది ఇది.

నిరుడు వానాకాలంలో సార్ గుండెపోటుతో పోయారు. నేను ఇరవై లైన్లు రాసి పంపాను. జిల్లా పేజీలో చోటు లేదని డెస్కు వాళ్లు రెండు లైన్లకు కుదించారు. రిటైర్డ్ పీడీ మృతి అని శీర్షిక పెట్టారు. ఆయన రిటైర్ కాలేదు, ఆయన్ను తీసేశారు. ఫోన్ చేసి దిద్దమని చెప్పొచ్చు. ఫోన్ చేతిలోకి తీసుకొని మళ్లీ పెట్టేశాను. ఆ ఒక్క తప్పును తప్పుగానే ఉంచేశాను.

మొన్న కాజీపేటలో గీతలు ఆరాక ఆట మొదలైంది. గెలిచిన జట్టులో చిన్న పిల్ల ఒకతె బాగా ఆడింది. ఆట అయ్యాక అందరి దగ్గరికీ వెళ్లినట్టే ఆమె దగ్గరికీ వెళ్లాను. ఇప్పుడు నోట్‌బుక్, పెన్ను వాళ్లకు కనిపించేలా పైకి పట్టుకుంటాను.

"నీ పేరేంది బిడ్డా? చెప్పేముందే ఇను. పేపర్ల ఏస్త. ఎయ్యన్నా, వద్దా?"

మిగతా ఆరుగురూ ఎగబడి చెప్పారు. ఆ పిల్ల మాత్రం గీతలు పోసిన మాస్టారు వైపు చూసింది, తర్వాత తన బూట్ల వైపు చూసింది. "ఎయ్యకక్కా," అంది చిన్నగా. ఎందుకని అడగలేదు. విలేకరిగా అడగాలి. ఇంట్లో తెలియకుండా వచ్చి ఉండొచ్చు, లిస్టులో ఇంకో పేరు ఉండి ఉండొచ్చు. నేను చేసేది మంచో చెడో నాకు తెలియదు. పెన్ను మూత పెట్టి, ఆమెకు నీళ్ల సీసా ఇచ్చి వచ్చేశాను.

సాయంత్రం డెస్కు నుంచి ఫోన్ వచ్చింది. "మెర్సీ గారూ, కబడ్డీకి ఏడుగురు కదా. మీరు ఆరు పేర్లే పంపారు. ఒకటి మర్చిపోయినట్టున్నారు."

"మర్చిపోలేదండీ," అన్నాను. "ఆరే వేయండి."